ఏడు పాయింట్ నాలుగు

సొహార్‌లో రాత్రి రెండు దాటింది.
బ్లడ్ బ్యాంకులో ఫ్రిజ్ ఒక్కటే మేలుకొని మూలుగుతోంది.
బయట ఆగస్టు
అద్దాలకు చెమట పట్టించి నిలబడి ఉంది.

కిటికీ అవతల భూమయ్య.
చంకలో హెల్మెట్, చెప్పుల్లో పోర్టు సిమెంటు.
"మా తమ్ముడు రాజలింగు, మేడం. నల్లగ కక్కిండు.
బాటిల్ ఎందుకు ఎక్కిస్తలేరు?
పైసలు గావాల్నా? నా రక్తం తీస్కోండ్రి.
పోయిన శుక్రారం క్యాంపుల ఇచ్చిన గద,
జూసు పాకిటిచ్చి పంపిండ్రు."

పోయిన శుక్రవారం ఇచ్చాడు కనకే
ఇంకో మూడు నెలలు ఆ చేయి నేను ముట్టుకోకూడదు.
అది చెప్పాలి. అదొక్కటే కాదు చెప్పాల్సింది.

బల్ల మీద చీటీ. ఏడు పాయింట్ నాలుగు.
కింద డాక్టర్ శమ్సా రాత:
ఇప్పుడు వద్దు. రెండు గంటలకోసారి చూడండి.
ఏడు దిగితే ఇవ్వండి, ఒక్క సంచి,
ఇచ్చాక మళ్ళీ చూడండి.

నేను రాజంపేటలో పని నేర్చుకునేటప్పుడు
పది అంటే లక్ష్మణరేఖ.
దాటి కిందికొస్తే రెండు సంచులు, జంటగా,
తాంబూలంలో రెండు పళ్ళు పెట్టినట్టు.
ఎందుకని మా సారుని అడగలేదు.
వాళ్ళ సారుని ఆయనా అడిగి ఉండడు.

తర్వాతెవరో అడిగారు.
అడిగి ఊరుకోలేదు, చీటీలేశారు.
నెత్తురు కక్కుతూ వచ్చినవాళ్ళని రెండు వరుసలు చేసి
ఒక వరుసకి ఏడు దాకా ఆగారు,
ఇంకో వరుసకి తొమ్మిది దిగగానే పోశారు.
ఎవరిది ఏ వరుసో చీటీ చెప్పింది, డాక్టరు జాలి కాదు.
లెక్క తేలేసరికి
ఎక్కువ పోసిన వరుసలోనే
మళ్ళీ కక్కినవాళ్ళు ఎక్కువ,
ఇంటికి చేరనివాళ్ళు ఎక్కువ.
గండి పడ్డ కాలువకి ఇంకా నీళ్ళొదిలినట్టు.

ఆ వరుసల్లో ఎవరున్నారో నాకు తెలీదు.
పట్టికలో గడులు, గడుల్లో అంకెలు.
ఒక్కో అంకె వెనక వరండాలో
ఒక భూమయ్య నిలబడే ఉంటాడు.

ఇదంతా చెప్పాలి, రెండున్నరకి,
జానెడు కిటికీ కంతలోంచి.
నా యాస పక్కన పెట్టి అన్నాను:
"ఎక్కువ పోస్తే ఎక్కువ కారుతది అన్నా."
అతను నా మొహం చూళ్ళేదు, చేతులు చూశాడు.
అవి ఖాళీగా ఉన్నాయి.
"గిది నమ్మాల్నా నేను?"
"నమ్మొద్దు. కూర్చో. నాలుగింటికి మళ్ళీ చూస్తాం."

రాజలింగు చొక్కా జేబులో దొరికాయట
నడుం నొప్పి గోలీల రేకులు, మూడు, ఖాళీవి.
పరంజా మీద నలభై ఎనిమిది డిగ్రీల ఎండ,
పొద్దున రెండు, రాత్రి రెండు, పరగడుపున.
దీనికి చీటీలు వేసి తేల్చాల్సిందేమీ లేదు.
అందరికీ తెలుసు.

ఏడు వేదవాక్కు కాదు, అదీ తెలుసు.
గుండె జబ్బుంటే గీత పైకి జరుగుతుంది.
పురిటి గదిలో ధార కట్టిందంటే
అంకె కోసం ఎవరూ ఆగరు, పరుగే.
గురువారం క్లాసులో డాక్టర్ శమ్సా
ఏ కాగితమైనా ముందు వెనక్కి తిప్పి అడుగుతుంది:
ఇది ఎవరి మీద చేశారు?
మన వార్డులో పడుకున్నవాడు ఇందులో ఉన్నాడా?

అందుకే చెప్పకుండా ఒక పని చేశాను. అది కూడా పద్ధతే.
రెండు సంచులు అతని నెత్తురుతో సరిచూసి
పేరు కట్టి పై అరలో పెట్టాను.
ఇవ్వకపోవడం వేరు, లేకపోవడం వేరు.

నాలుగింటికి ఏడు పాయింట్ ఒకటి.
నా వేళ్ళు చల్లబడ్డాయి.
శమ్సాకి ఫోన్ చేశాను. "నాడి? బీపీ?" అంది.
చెప్పాను.
అటువైపు కాసేపు ఊపిరి మాత్రమే.
"ఎండోస్కోపీ వాళ్ళని లేపుతున్నాను. ఆగు."

ఆగడం ఒక పని అని
మా సారు నేర్పలేదు.

అజాన్ అయ్యింది. చేపల పడవల మోటార్లు వినిపించాయి.
భూమయ్య కుర్చీలో నిద్రపోయాడు,
ఒళ్ళో హెల్మెట్ బోర్లా పెట్టి,
పసిబిడ్డ తల మీద చెయ్యేసినట్టు దాని మీద చెయ్యేసి.

ఆరింటికి కాగితం వచ్చింది.
ఏడు పాయింట్ ఒకటి. దిగలేదు. ఎక్కనూ లేదు.
రిజిస్టరులో రాశాను.
ఫ్రిజ్ తలుపు తీసి, పై అర చూసి,
మళ్ళీ వేశాను.